నాకేం కావాలో మా అమ్మని కాదు, నన్ను అడగండి

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో మానసిక ఆరోగ్య క్యాంపుల్లో కూర్చునే డాక్టర్లకి, కౌన్సిలర్లకి, సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టే పెద్దలకి,

నమస్కారం. నాది పర్లాకిమిడి. బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ షాపులో పని చేస్తున్నాను. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు, ఏ ఫారం తెచ్చినా నింపి పెడతాను, ఆధార్‌లో తప్పుల దగ్గర్నుంచి పింఛను దరఖాస్తు దాకా. పేరు రాయడం లేదు. సిగ్గుపడి కాదు, ఇంట్లో పెళ్లికి ఎదిగిన మేనకోడలు ఉంది, రేపు ఎవరో ఈ ఉత్తరం పట్టుకెళ్లి ఆ పిల్ల సంబంధం దగ్గర చదువుతారని భయం. 23 ఏళ్ల వయసులో నాకు మనసు జబ్బు చేసింది. మూడేళ్లు మమ్మల్ని అందరినీ అల్లాడించింది. ఇప్పుడు నాకు 39. మందు వేసుకుంటున్నాను, పని చేసుకుంటున్నాను. గొంతులు ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తాయి, కాకపోతే వాటికి జవాబు చెప్పడం మానేశాను.

రెండేళ్ల కిందట వైకల్యం సర్టిఫికెట్ కోసం అమ్మా నేనూ ఒక క్యాంపుకి వెళ్లాం. ఏ ఊరో, ఏ ఆస్పత్రో రాయను. ఆ రోజు అక్కడ కూర్చున్న వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లూ పొద్దుట్నుంచి ఏమీ తినకుండా కూర్చున్నారు, బయట వరండా నిండా జనం. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. డాక్టర్ గారు నా వైపు ఒకసారి చూసి, తర్వాత అంతా అమ్మనే అడిగారు.

"వంట చేసుకుంటాడా?"

"లేదు సార్."

"స్నానం?"

"చెప్తే చేస్తాడు సార్. చెప్పకపోతే అలాగే ఉంటాడు."

"డబ్బు లెక్క తెలుస్తుందా?"

"ఎక్కడ సార్, వంద కాగితానికీ ఐదొందల కాగితానికీ తేడా తెలీదు."

ఆ పొద్దున్న ఐదింటికి లేచి ఉప్మా చేసి, టిఫిన్ బాక్సులో సర్దింది నేను. రోజూ రాత్రి షాపు కట్టేసే ముందు గల్లా పెట్టె లెక్క చూసేది నేను. అమ్మ అబద్ధం చెప్తోందని నాకు తెలుసు, నాకు తెలుసని అమ్మకి తెలుసు. నా వైపు చూడకుండా, చేతి సంచీ తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, మళ్లీ చుట్టుకుంటూ చెప్పింది. నేను తల వంచుకుని నిజంగానే ఏమీ చేతకాని వాడిలా కూర్చున్నాను. అదీ నటనే.

బస్సెక్కాక పది రూపాయల వేరుశనక్కాయలు కొని నా ఒళ్లో పెట్టింది. చాలా దూరం పోయాక అంది, "అలాగ సెప్పకపోతే ఇవ్వర్రా బాబూ. మనకన్నా ముందెళ్లినావిడ పిల్లడు బాగున్నాడని సెప్పిందట. ఏటిచ్చారు? ఏటీ నేదు." నేనేమీ అనలేదు. కాయలు ఒలిచి సగం గింజలు ఆవిడ చేతిలో పోశాను.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ నన్ను అడిగిన వాళ్లే లేరు, అమ్మని అడిగారు.

ఆ రోజు నింపిన కాగితం పేరు ఐడియాస్ అని తర్వాత తెలిసింది, షాపులో అలాంటివి జిరాక్స్ తీయడం నా పనే కదా. మన దేశంలో సైకియాట్రిస్టుల సంఘం వాళ్లు తయారు చేసిన కొలత. సొంత పనులు, మనుషులతో మెలగడం, మాట అర్థం చేసుకోవడం, ఉద్యోగమో ఇంటి పనో చేయగలగడం, ఈ నాలుగింటికీ సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. జబ్బు ఎన్నేళ్లుగా ఉందో దానికి మరి కొన్ని. మొత్తం 20. అందులో 7 వస్తే 40 శాతం గీత దాటినట్టు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం కూడా ఒకటి, అందులో చాలా సౌకర్యాలకి ఆ 40 శాతమే గుమ్మం. ఈ కొలత తప్పని నేననను. పింఛను ఇవ్వాలంటే ఎక్కడో ఒక చోట గీత గీయాలి. కానీ ఈ లెక్కలో నేను ఎంత బాగుపడితే నా మార్కులు అంత తగ్గుతాయి. అందుకే మా అమ్మ నన్ను నా ఎదుటే కిందకి లాగాల్సి వచ్చింది. ఆ మార్కులు వేశాక ఫైలు మూసేశారు. వీడికి ఇప్పుడు ఏం కావాలి అన్న ప్రశ్నకి ఆ కాగితంలో చోటే లేదు.

ఆ ప్రశ్న నన్ను ఇన్నేళ్లలో ఒక్క మనిషి అడిగింది. ఒక నర్సమ్మ. మందులు ఇస్తూ, ఊరికే అడిగినట్టు, "నీకేటి కావాలి బాబూ" అంది. మందు గురించి అడుగుతోందేమో అనుకున్నాను. కాదు, అలా చూస్తూనే ఉంది. చాలాసేపటికి నా నోట వచ్చిన మాట, "కళ్లజోడు."

అప్పటికి రెండేళ్లుగా అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించేవి. ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే నేనేం చెప్పినా అది జబ్బు లెక్కలోకే పోతుంది. నిద్ర పట్టలేదంటే జబ్బు, కోపం వచ్చిందంటే జబ్బు, నవ్వితే మరీ పెద్ద జబ్బు. అక్షరాలు కనబడటం లేదంటే మందు డోసు పెంచుతారని భయపడ్డాను. ఆవిడ అదే ఆస్పత్రిలో కంటి పరీక్ష చేయించింది. పెద్ద జబ్బేమీ కాదు, మామూలు చూపు లోపం. బజార్లో నాలుగొందల రూపాయల కళ్లజోడు. అది పెట్టుకున్నాకే నాకు ఈ జిరాక్స్ షాపు ఉద్యోగం వచ్చింది, అంతకు ముందు ఫారంలో గడులు కనబడితే కదా నింపడానికి! కోలుకోవడంలో మందు పాత్ర ఎంతో, ఆ నాలుగొందల కళ్లజోడు పాత్ర ఎంతో, ఎవరైనా శాతాల్లో తేల్చి చెప్పండి చూద్దాం.

ఇలా అడగడానికి ఒక పద్ధతి ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. లండన్‌లో కాంబర్‌వెల్ అనే పేట ఉంది, అక్కడి పేరు మీద 1995లో ఒక ప్రశ్నల పట్టిక అచ్చయింది, కాంబర్‌వెల్ అసెస్‌మెంట్ ఆఫ్ నీడ్ అంటారు. మొత్తం 22 విషయాలు. ఉండటానికి ఇల్లు ఉందా, తిండి సరిగా దొరుకుతోందా, పగలంతా ఏం చేస్తున్నావు, ఒంటి ఆరోగ్యం ఎలా ఉంది, నీ జబ్బు గురించి నీకు ఎవరైనా చెప్పారా, తోడు ఉందా, చేతిలో డబ్బు ఆడుతోందా, రావాల్సిన పింఛన్లు వస్తున్నాయా, ఫోనుందా, బస్సులో తిరగగలవా... ఇలా పోతుంది. ప్రతిదానికీ ముఖ్యంగా మూడు జవాబులు: అవసరం లేదు, అవసరం ఉంది కానీ తీరుతోంది, అవసరం ఉంది తీరడం లేదు. నాకు నచ్చింది ఇదొక్కటే కాదు. అవే ప్రశ్నలు రోగిని విడిగా అడుగుతారు, ఇంట్లో వాళ్లని విడిగా, వైద్యం చేసేవాళ్లని విడిగా. ముగ్గురి జవాబులూ కలవవు చాలాసార్లు. కలవకపోయినా పరవాలేదు, అలాగే రాసుకుంటారు. తీరని అవసరాల గురించి రోగి తన నోటితో చెప్పిన లెక్కే అతని బతుకు బాగోగులకి ఎక్కువ దగ్గరగా ఉంటుందని పరిశోధనల్లో తేలింది కూడా. మా అమ్మ సంచీ తాడు గుర్తుంటే ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు.

లండన్ కాగితం తెచ్చి ఇక్కడ అతికించమని కాదు. మా చోట అడగాల్సినవి అందులో లేనివి కూడా ఉన్నాయి. ఉదాహరణకి, నీ జీతం ఎవరి చేతికి వస్తోంది?

నాకు ఉద్యోగం ఇచ్చిన యజమాని మంచివాడు, చెడ్డ మాట అనలేను. కానీ మొదటి మూడేళ్లూ నా జీతం నెల మొదటి తారీకున మా ఇంటికి వచ్చి అమ్మ చేతిలో పెట్టి వెళ్లేవాడు. "వాడికిస్తే ఎక్కడ పారేస్తాడో అమ్మా" అని, నేను పక్కనే నిలబడి ఉండగా! అదే షాపులో రోజంతా జనం డబ్బు నా చేతుల మీదుగా పోతుంది, చిల్లర ఒక్క రూపాయి తేడా రాదు. నా డబ్బుకి మాత్రం నేను పనికిరాను. అడిగితే నవ్వేవాడు. నాలుగో ఏడు ఒక రోజు పని మధ్యలో లేచి, జీతం నా చేతికి ఇచ్చేదాకా ఫారాలు నింపను అన్నాను. ఆ రోజు వరసలో పదిమంది ఉన్నారు, ఇచ్చాడు. ఆ సాయంత్రం అమ్మకి చీర కొన్నాను, ఎందుకంటే ఆవిడ కూడా ఇలా అడగలేని మనిషే.

సమాచారం సంగతి చెప్తాను. నా జబ్బు పేరు నాకు తెలియడానికి నాలుగేళ్లు పట్టింది. ఎలా తెలిసిందంటే, నా ఫైలు నేనే జిరాక్స్ తీసుకుంటూ, గాజు మీద బోర్లా పెట్టబోతూ చదివాను. స్కిజోఫ్రీనియా. నాలుగేళ్లూ అమ్మకి తెలుసు, బావకి తెలుసు, మందుల షాపు కుర్రాడికి తెలుసు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 22వ సెక్షన్ ప్రకారం, జబ్బు ఏమిటి, ఏ వైద్యం చేయబోతున్నారు, ఆ మందుల వల్ల వచ్చే ఇబ్బందులేమిటి అన్నది రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఆ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ఇక్కడ రోగికి అర్థమయ్యే భాష అంటే ఏది?

ఇదే మా చిక్కు. మేం ఒడిశాలో ఉన్నాం, బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, అదీ శ్రీకాకుళం యాస. ఒడియా మాట్లాడగలను, ఫారాలు నింపగలను, కానీ నాకు జబ్బు చేసినప్పుడు గొంతులన్నీ తెలుగులోనే తిట్టాయి. మనసులో ముడి పడింది ఏ భాషలోనో, విప్పి చెప్పగలిగేదీ ఆ భాషలోనే. ఒకసారి పరీక్షలో ఒక ఒడియా సామెత చెప్పి అర్థం చెప్పమన్నారు. నేనెప్పుడూ వినలేదు. ఆలోచనలో పట్టు లేదని రాసుకున్నారేమో ఎవరికి తెలుసు, నన్ను మన సామెత అడిగి ఉంటే గంటసేపు చెప్పేవాణ్ణి.

నా పని నయం. కొండ మీద ఊరి నుంచి ఒక సవర కుర్రాడు వాళ్ల అక్కతో మా షాపుకి వచ్చాడు, చీటీ జిరాక్స్ తీయమని. చీటీలో 'సహకరించలేదు' అని ఉంది. అతనితో కాసేపు కూర్చున్నాను. ఒడియా కొద్దిగా వచ్చు, తెలుగు ఇంకా కొద్దిగా, ప్రశ్న అర్థం కాక ఊరుకున్నాడు, అంతే. అర్థం కాలేదు అని రాయాల్సిన చోట సహకరించలేదు అని పడింది, ఆ మాట అతని ఫైల్లో ఎన్నాళ్లు తిరుగుతుందో. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే పంతులుగా పని చేశారు. సవర పిల్లలకి వాళ్ల మాటలో చెప్పకపోతే చదువు ఒంటబట్టదని, తనే కూర్చుని సవర భాష నేర్చుకుని వాళ్ల కోసం పుస్తకాలు రాశారు. ఆయన పేరు ప్రతి ఆగస్టు 29న తలుచుకుంటాం, దండలేస్తాం. క్యాంపు రోజున సవర మాట తెలిసిన ఒక్క ఆశా అమ్మని పక్కన కూర్చోబెట్టడానికి మాత్రం ఎవరికీ తోచదు.

ఇంకొకటి, అడగడానికి మీకూ మొహమాటం, చెప్పడానికి మాకూ మొహమాటం. పెళ్లి. ఆ లండన్ కాగితంలోని 22 విషయాల్లో ఇలాంటి దగ్గరి బంధాల గురించీ ఉంది, మన క్యాంపుల్లో మాత్రం ఎవరూ నోరెత్తరు. నాకు రెండు సంబంధాలు వచ్చాయి. చెప్పొద్దు అంది అమ్మ. చెప్పకుండా చేసుకుంటే ఆ పిల్లకి అన్యాయం, రేపు కోర్టుకెక్కినా తప్పు మనదే. చెప్తే ఏమవుతుందో మీకు తెలుసు. మొదటి సంబంధానికి చెప్పాను, వాళ్లు కాఫీ కూడా పూర్తిగా తాగకుండా లేచారు. రెండో దానికి నేనే వద్దన్నాను. ఎలా చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, మందులు వేసుకుంటూ పిల్లల్ని కనొచ్చా, ఇవి నన్ను కుదురుగా కూర్చోబెట్టి మాట్లాడే మనిషి కావాలి నాకు. ఒక రాత్రి ఉండబట్టక 14416కి ఫోన్ చేశాను. టెలి మానస్ అని 2022 అక్టోబరులో కేంద్రం మొదలు పెట్టిన నంబరు. తెలుగులో మాట్లాడిన అమ్మాయి ఓపిగ్గా విన్నది, మనసు తేలికపడింది. కానీ రేపు కూడా అదే అమ్మాయి దొరుకుతుందని నమ్మకం లేదు కదా.

ఒళ్లు గురించి రెండు మాటలు. ఒలాంజపిన్ మొదలుపెట్టినప్పుడు నేను 58 కిలోలు, ఏడాదిన్నరకి 81. ఈ మందుతో బరువు, షుగరు పెరగొచ్చని మీకందరికీ తెలుసు. నాకు తెలియదు. షుగరు పరీక్ష నా అంతట నేను డబ్బు కట్టి చేయించుకున్నాను. తీవ్రమైన మనసు జబ్బు ఉన్నవాళ్లు మిగతా వాళ్లకన్నా 10 నుంచి 20 ఏళ్లు ముందుగా పోతున్నారని, అందులో ఎక్కువ గుండె జబ్బుల్లాంటి ఒంటి జబ్బుల వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. క్యాంపులో ఒక బరువు తూచే మిషను పెట్టడానికి ఎంతవుతుంది?

మమ్మల్ని లెక్కలో వేసుకోవడమే తక్కువ. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్లు జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు, సైకోసిస్, అంటే నాలాగ లేని గొంతులు వినబడే రకం జబ్బులు ఉన్నవాళ్లలో 75.5 శాతం మందికి వైద్యమే అందడం లేదని తేల్చారు. సర్వే జరిగింది 12 రాష్ట్రాల్లో. అందులో ఒడిశా లేదు. ఆంధ్రా లేదు. మహేంద్రతనయ నదికి ఈ ఒడ్డునున్న మేమూ లేము, ఆ ఒడ్డున ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వాళ్లూ లేరు. పైనుంచి లెక్క రాదని అర్థమైంది కాబట్టే కింద, మీ బల్ల దగ్గర జరిగే అడగడం గురించి ఇంత గొడవ చేస్తున్నాను.

ఇక మా అమ్మ. అమ్మని అడగొద్దు అని నేననలేదు, నా బదులు అడగొద్దన్నాను. ఆవిడని ఆవిడ గురించి అడగండి. మోకాళ్లు అరిగిపోయాయి, రాత్రి నేను లేచి నీళ్లు తాగినా ఉలిక్కిపడి లేస్తుంది, 16 ఏళ్లుగా ఒక్క పెళ్లికి రాత్రి ఉండి రాలేదు. ఆవిడ బెంగ ఒకటే, నేను పోయాక వీడికెవరు అని. అదే 2017 చట్టం 18వ సెక్షన్‌లో హాఫ్‌వే హోములు, తోడ్పాటుతో ఉండే ఇళ్లు ప్రభుత్వం ఏర్పాటు చేయాలని రాసి ఉంది. మా చుట్టుపక్కల నాకు ఒక్కటీ కనబడలేదు. ఉంటే చెప్పండి, ఆదివారం అమ్మని తీసుకెళ్లి చూపిస్తాను, ఆ ఒక్క రోజన్నా నిద్రపోతుంది. ఇంకో విషయం, మళ్లీ నాకు జబ్బు ముదిరి మాట చెప్పలేని స్థితి వస్తే నా తరఫున ఎవరు మాట్లాడాలో నేనే ముందుగా ఎంచుకోవచ్చని 14వ సెక్షన్ చెప్తుంది. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో పెడితే చాలు, ఎంచుకున్న మనిషి ఒప్పుకోవాలి. అది అమ్మే కావాలని లేదు. నేను ఎదురుగా టీ కొట్టు నడిపే నా స్నేహితుడి పేరు రాసుకున్నాను, రోజూ నాలుగింటికి నన్ను చూసేది వాడే, నేను తేడాగా ఉంటే అమ్మకన్నా ముందు కనిపెట్టేదీ వాడే. ఈ కాగితం ఎవరికి కావాలన్నా మా షాపులో ఊరికే రాసి పెడుతున్నాను. యజమాని గొణుగుతాడు, పరవాలేదు.

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ఇంట్లో వాళ్లని బయట కూర్చోబెట్టి, ముందు మనిషితో పది నిమిషాలు, అతని భాషలో. ఏం కావాలో అతను చెప్పిన మాటల్లోనే రాసుకోండి, మీ మాటల్లోకి మార్చొద్దు. ఆర్నెల్ల తర్వాత అదే కాగితం తీసి, ఏది తీరింది ఏది తీరలేదు అని చూడండి. పింఛను శాతం లెక్క వేరే కాగితం మీద, వేరే రోజున చేయండి. రెండూ ఒకే బల్ల మీద ఒకే పూట పెట్టినంత కాలం మా అమ్మలు మీతో నిజం చెప్పరు, చెప్పలేరు. ప్రశ్నల పట్టిక మా యాసలోకి మార్చడానికి మనిషి లేడు అంటారా, నేనున్నాను. ఒడియా నుంచి తెలుగులోకి రాసి, డీటీపీ చేసి, ఎన్ని కాపీలు కావాలంటే అన్ని తీసిస్తాను. కాగితం మాత్రం మీరు తెచ్చుకోండి, రీము రేటు పెరిగింది.

ఈసారి క్యాంపు తేదీ ముందుగా చెప్పండి. పొద్దున్న ఏడింటికల్లా వరసలో ఉండాలని మాత్రం పెట్టకండి సార్. రాత్రి మందు వేసుకున్నవాళ్లం, తొమ్మిదిలోపు తల పైకి లేవదు. పోయినసారి ఐదింటికి లేచి ఉప్మా చేశానని చెప్పాను కదా, ఆ ముందు రాత్రి మందు వేసుకోలేదు.